చెవిలో హోరు, చెవి దిబ్బడ: ఆయుర్వేదంతో నా మూడు నెలలు

మొదట ఆ చప్పుడు ఫైల్లో ఉందనుకున్నాను. నాది ఆడియో ఎడిటింగ్ పని. ఒక ఆడియోబుక్ రికార్డింగ్ వింటుంటే, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీల్లో సన్నగా, పై స్థాయిలో "ఈ..." అంటూ ఒక కూత. కేబుల్ మార్చాను. ఫిల్టర్ వేశాను. చివరికి చదివినావిడకి ఫోన్ చేసి, ఆ గదిలో ఏదైనా మిషన్ ఆన్‌లో ఉందా అని కూడా అడిగాను. పక్క సీటు కుర్రాడికి హెడ్‌ఫోన్లు ఇచ్చి వినమంటే, "ఎక్కడ సార్? క్లీన్‌గానే ఉంది కదా" అన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. కూత ఆగలేదు.

అప్పటికి జలుబు చేసి మూడు వారాలైంది. జలుబు పోయింది కానీ కుడి చెవి దిబ్బడ పోలేదు. లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. నా మాట నాకే కుండలోంచి వచ్చినట్టు వినిపించేది. ఆవలిస్తే "టిక్" మని ఒక క్షణం తెరుచుకుని మళ్లీ మూసుకుపోయేది. ఈ దిబ్బడ వల్లే ఆ కూత అని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ పొరపాటు వదలడానికి నెలన్నర పట్టింది.

ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే వెళ్లాను. ఆయన చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరికి చిల్లు లేదు, చీము లేదు, కాస్త గుబిలి ఉంది అన్నారు. తర్వాత రెండు పరీక్షలు. ఒకటి ఆడియోగ్రామ్, ఏ స్థాయి శబ్దం ఎంత సన్నగా వినగలమో గీత గీసి చూపే పరీక్ష. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత 35 డెసిబెల్స్‌కి జారి, 8000 దగ్గర మళ్లీ లేచింది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దం విన్నవాళ్ల చెవుల్లో కనిపించే గుంట అది. రెండోది టింపనోమెట్రీ. కర్ణభేరి వెనక ఉన్న గాలి పీడనాన్ని కొలుస్తుంది. ఎడమ చెవి మామూలుగా ఉంది, కుడి చెవి మైనస్ 210 డెకాపాస్కల్స్. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి పోయే యుస్టేషియన్ గొట్టం సరిగా తెరుచుకోవడం లేదని దాని అర్థం. ఆ గొట్టం పెద్దవాళ్లలో మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో, మనం గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో తెరుచుకుంటుంది. దాని లోపలి పొర వాస్తే గాలి లోపలికి పోదు, కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది.

ముక్కులోకి స్ప్రే రాసిచ్చారు. కూత సంగతి అడిగితే, "దానికి మందు లేదండీ, అలవాటు పడాలి" అన్నారు. తప్పు చెప్పారని ఇప్పుడు అనను. కానీ రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషికి ఆ ఒక్క మాట చెప్పి పంపడం మాత్రం సరికాదు. ఎలా అలవాటు పడాలో ఆ అయిదు నిమిషాల్లో చెప్పలేదు.

అప్పుడు మా పెద్దమ్మ రంగంలోకి దిగింది. "నాన్నా, వెల్లుల్లి రెబ్బలు నువ్వుల నూనెలో కాచి రెండు చుక్కలు వేసుకో, పొద్దుటికి హాయిగా ఉంటుంది" అంది. కాచాను. వేడిగా పోస్తే లోపల కాలుతుందేమోనన్న భయంతో పూర్తిగా చల్లారేదాకా ఆగి, పడుకుని, రెండు చుక్కలు కాదు, చెంచాడు పోసుకున్నాను. అర నిమిషం తిరక్కుండానే గది గిర్రున తిరిగింది. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నా తిరుగుడు ఆగలేదు. దాదాపు రెండు నిమిషాలు. చెవిలోకి ఒంటి వేడి కన్నా చల్లగా ఏది పోసినా లోపల ఒంటి తూకం నిలిపే అవయవంలో ద్రవం కదిలి తల తిరుగుతుందని తర్వాత తెలిసింది. డాక్టర్లు 30 డిగ్రీల నీళ్లు, 44 డిగ్రీల నీళ్లు చెవిలోకి పంపి ఈ తిరుగుడునే పరీక్షగా వాడతారట. నేను ఆ పరీక్ష ఇంట్లోనే చేసుకున్నానన్నమాట.

ఆ తిరుగుడు తర్వాతే సరైన ఆయుర్వేద డాక్టర్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ ముందు నా రిపోర్టులు అడిగారు. "కర్ణభేరి బాగుందని కాగితం మీద ఉంటే తప్ప చెవిలో చుక్క వెయ్యను" అన్నారు, కాగితం చూశాక కూడా తన ఆటోస్కోప్‌తో మళ్లీ చూశారు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ ఒక్కటీ గమనించండి. చిల్లున్న చెవిలో నూనె పోస్తే అది నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. నాడి పట్టుకోగానే నూనె సీసా తీసే చోట నుంచి లేచి వచ్చెయ్యడం మంచిది.

నలభై నిమిషాలు ప్రశ్నలే. నిద్ర ఎన్నింటికి, విరేచనం ఎలా అవుతుంది, దవడ టకటకమంటుందా, మెడ పట్టేస్తుందా, హెడ్‌ఫోన్లు ఎన్ని గంటలు, శబ్దం గుండె చప్పుడుతో పాటు కొట్టుకుంటుందా, రెండు చెవుల్లోనా ఒక్కదాంట్లోనా. చివరి రెండు ప్రశ్నలకి నా జవాబు మరోలా ఉంటే వెనక్కి ఈఎన్‌టీకే పంపేదాన్ని అన్నారు. ఇక్కడ కథ ఆపి ఒక మాట. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే, హోరు ఒక్క చెవిలోనే ఉంటే, నాడితో పాటు దడదడలాడితే, ముఖం ఒక పక్కకు లాగితే, చీము కారితే, ముందు నూనె కాదు, ఈఎన్‌టీ. హఠాత్తుగా పోయిన వినికిడికి స్టెరాయిడ్లు మొదటి కొద్ది రోజుల్లో ఇస్తేనే ఎక్కువ ఉపయోగం. ఆ రోజులు తైలాలతో గడిపేస్తే తిరిగి రావు.

సుశ్రుతుడు చెవి రోగాలు 28 అని లెక్కపెట్టాడని ఆవిడ చెప్పారు. అందులో నా బాధకి దగ్గరగా రెండున్నాయి. కర్ణనాదం: వాయువు దారి తప్పి శబ్దాన్ని మోసే నాళాల్లో నిలిచిపోతే భేరి, మృదంగం, శంఖం మోగినట్టు రకరకాల చప్పుళ్లు వినబడతాయి. కర్ణక్ష్వేడం: వాయువుతో పిత్తం వగైరా కలిస్తే వేణునాదంలాంటి సన్నటి ధ్వని. "మీదేది?" అని అడిగారు. పాత టీవీ వెనక నుంచి వచ్చే కూత అన్నాను. "వాళ్ల కాలంలో టీవీ లేదు, అందుకే పిల్లనగ్రోవితో సరిపెట్టుకున్నారు" అని నవ్వారు.

తర్వాత ఆవిడ చెప్పినదే ఈ మూడు నెలలకి ఆధారం. "మీ దిబ్బడ వేరు, మీ కూత వేరు. దిబ్బడ జలుబుతో వచ్చింది. అది కఫం పని, ముక్కు దారిలో పని చేస్తే తగ్గే అవకాశం ఉంది. కూత హెడ్‌ఫోన్ల నుంచి వచ్చింది. చాలా కాలంగా ఉండి ఉంటుంది, చెవి మూసుకుపోయి బయటి చప్పుడు తగ్గాక మీకు వినబడింది. అది పోతుందని నేను మాట ఇవ్వను. నిద్ర పట్టిస్తాను." డబ్బు తీసుకునే మనిషి నోట "మాట ఇవ్వను" అన్నది విని నాకు నమ్మకం కుదిరింది.

ముందు నస్యం, అంటే ముక్కులో మందు నూనె చుక్కలు వెయ్యడం, ఏడు రోజులు. ఖాళీ కడుపుతో రమ్మనేవారు. ముందు ముఖానికి, నుదుటికి, చెవుల వెనక గోరువెచ్చటి నూనెతో మర్దన. తర్వాత కళ్ల మీద తడిగుడ్డ వేసి ముఖానికి ఆవిరి. అప్పుడు మెడ కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చి ఒక్కో ముక్కురంధ్రంలో ఆరు చుక్కల అణుతైలం. చుక్క అంటే ఎంత అన్నదానికీ పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు లెక్క చెప్పాడు. చూపుడువేలు రెండు కణుపుల దాకా నూనెలో ముంచి పైకెత్తితే జారిపడేది ఒక బిందువు. మా డాక్టర్ గారు మాత్రం డ్రాపర్ వాడారు. గట్టిగా ఎగపీల్చొద్దు, గొంతులోకి దిగింది మింగొద్దు, ఉమ్మెయ్యండి అని ప్రతి రోజూ చెప్పేవారు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అది వేరే జబ్బు.

మొదటి రోజు ముక్కు భగ్గుమంది, కళ్లలో నీళ్లు, గొంతులో కారం కారంగా ఒక చేదు. వేడినీళ్లు పుక్కిలిస్తే కాని పోలేదు. రెండో రోజు ఎక్కడ దాగుందో అర గిన్నెడు చీమిడి వచ్చింది. నాలుగో రోజు ఆవిరి పడుతుండగా గుటక వేశాను, కుడి చెవిలో "టప్" మంది. కిటికీ తెరిచినట్టు గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా చెవిలో పడింది. ఒక గంట ఉండి మళ్లీ మూసుకుంది. ఆరో రోజుకి సగం పూట తెరిచే ఉండేది. ఈఎన్‌టీ డాక్టర్ ఇచ్చిన స్ప్రే కూడా నేను మానలేదు, ఆ సంగతి ఈవిడకి తెలుసు, వద్దనలేదు. కాబట్టి ఘనత ఎవరిదో పంచలేను. ఆవిరి పట్టినప్పుడే తెరుచుకోవడం మాత్రం నా కళ్లెదుట జరిగింది.

కూత? అది అలాగే ఉంది. దిబ్బడ పోతే కూత పోతుందన్న నా లెక్క ఆ "టప్"తోనే చెల్లాచెదురైంది. చెవి పూర్తిగా తెరుచుకున్న ఆ గంటలో కూడా అది అదే స్థాయిలో కూస్తూనే ఉంది.

తర్వాత కర్ణపూరణం, అంటే చెవిలో నూనె నింపి ఉంచడం, ఇదీ ఏడు రోజులు. వాడింది బిల్వ తైలం. లేత మారేడుకాయ గుజ్జు గోమూత్రంతో నూరి, మేకపాలు, నువ్వుల నూనె చేర్చి కాచేది. వాసన గురించి వివరించను. వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి వెచ్చచేసి, ముంజేతి లోపలి వైపు ఒక చుక్క వేసి చూసేవారు. వేడీ తెలియకూడదు, చలీ తెలియకూడదు. నా చెంచాడు వెల్లుల్లి నూనె గుర్తొచ్చి సిగ్గేసింది. పక్కకి పడుకోబెట్టి, చెవి చుట్టూ మర్దన చేసి, కాపడం పెట్టి, నూనె నిండుగా పోసి, చెవి మొదలు దగ్గర వేళ్లతో మెల్లగా రుద్దుతూ కూర్చునేవారు. ఎంతసేపు అంటే, నొప్పి ఉంటే అది మెత్తబడే దాకా, నొప్పి లేకపోతే నూరు మాత్రల కాలం. మాత్ర అంటే అరచేత్తో మోకాలి చిప్ప చుట్టూ ఒకసారి తిప్పేంత సేపు, లేదా ఒక రెప్పపాటు. ఇది కూడా వాగ్భటుడి లెక్కే. పడుకుని ఉన్నవాడిని మోకాలి చుట్టూ చెయ్యి ఎలా తిప్పను, మనసులో నూరు లెక్కపెట్టేవాణ్ణి.

మొదటిసారి నలభై దగ్గరే లేచి కూర్చోబోయాను. నూనె నిండిన చెవిలో కూత రెండింతలైంది. ఫ్యాను లేదు, మాటల్లేవు, ప్రపంచమంతా మూసేసి దాన్నొక్కదాన్నే నా ఎదుట కూర్చోబెట్టినట్టు ఉంది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "బయటి చప్పుడు ఆగింది కాబట్టి లోపలిది పెద్దదిగా ఉంది. పెరగలేదు" అని చెవి దగ్గర గట్టిగా చెప్పారు. ఇయర్‌ప్లగ్ పెట్టుకున్నా ఇంతే. నిశ్శబ్దం కోసం చెవులు మూసుకునే వాళ్లు మరింత బాధపడేది ఇందుకే. ఆ రోజు తర్వాత రాత్రిళ్లు నేను నిశ్శబ్దాన్ని వెతకడం మానేసి, పడగ్గదిలో వాన చప్పుడు సన్నగా పెట్టుకోవడం మొదలుపెట్టాను. కూత మునిగిపోయేంత పెద్దగా కాదు. రెండూ పక్కపక్కనే వినబడేంత.

అయిదో రోజు నూనె వంచేస్తే కందిగింజంత గుబిలి ముక్క వచ్చింది. చెవి తేలికైంది. చాలామంది "తైలం పోయగానే చెవి హాయిగా ఉంది" అనేదాంట్లో కొంత ఈ గుబిలి మెత్తబడటమే అయి ఉంటుంది. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, హాయి హాయే కదా.

నేను కాస్త చాదస్తపు మనిషిని. చివరి రోజు సూటిగానే అడిగాను: "మేడమ్, కర్ణభేరికి చిల్లు లేకపోతే ఈ నూనె లోపలికి పోదు. పాడైంది లోపలి చెవిలో, శబ్దాన్ని పట్టే కాక్లియాలో. ఆ సన్నటి రోమకణాలు పోతే మళ్లీ మొలవవు. మరి ఈ నూనె ఎవరికి?" ఆవిడ నొచ్చుకోలేదు. "నూనె కాక్లియాకి చేరుతుందని నేను చదవలేదు, చెప్పను కూడా. మీ దవడ కండరాలు చూశారా, రాళ్లలా ఉన్నాయి. నేను రుద్దింది వాటిని." దవడ గట్టిగా బిగిస్తే నా కూత స్థాయి మారుతుందని అప్పుడే గమనించాను. మీరూ ఒకసారి పళ్లు బిగించి చూసుకోండి, మారితే దవడ, మెడ కండరాలకి ఇందులో వాటా ఉన్నట్టే.

కడుపులోకి ఇచ్చే మందుల దగ్గర మాత్రం నేను బేరమాడాను. సారివాది వటి రాశారు. చెవి రోగాలకి పాత కాలం నుంచీ వాడుతున్న మాత్ర అది, అందులో అభ్రక భస్మం, లోహ భస్మం (అభ్రకం, ఇనుము కాల్చి చేసిన బూడిద) ఉంటాయి. 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా దొరికిందన్న సంగతి నాకు తెలుసు. అదే చెప్పాను. "అనుమానంతో మింగే మందు పని చెయ్యదు, తీసేస్తాను" అని కొట్టేసి, అశ్వగంధ చూర్ణం మాత్రం ఆరు వారాలకి రాశారు. అదీ థైరాయిడ్, కాలేయం రిపోర్టులు చూశాకే. ఆన్‌లైన్లో "టిన్నిటస్ నివారిణి" (టిన్నిటస్ అంటే ఈ చెవి హోరే) అని అమ్మే చుక్కల మందుల గురించి అడిగితే, లేబుల్ మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల పేర్లు లేని సీసా ఇంట్లో ఉంచుకోవద్దన్నారు.

శిరోధార మూడు సార్లు చేశారు. నుదుటి మీద నూనె ధార అటూ ఇటూ కదులుతుంటే పది నిమిషాల్లో గురక పెట్టానట. ఇక రోజూ రాత్రి ఇంట్లో భ్రామరి, పది సార్లు. తుమ్మెదలా మూసిన నోటితో గొణుగుతూ ఊపిరి వదలడం. నా గొణుగుడు 140 హెర్ట్జ్, నా కూత 6000 పైన. ఒకదాన్ని ఒకటి కప్పే ప్రశ్నే లేదు. అయినా పదోసారి వదిలాక దవడ వదులై, భుజాలు కిందికి దిగి ఉండేవి.

ఈ లెక్కలన్నీ ఎలా తెలుసంటే, వృత్తి దోషం. ప్రతి ఆదివారం టోన్ జనరేటర్‌తో నా కూతకి సరిపోయే స్వరం వెతికి రాసుకునేవాణ్ణి. మొదటి వారం 6200 హెర్ట్జ్, నా వినికిడి అంచుకి 6 డెసిబెల్స్ పైన. ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయాను. పన్నెండో వారం 6200 హెర్ట్జ్, 5 డెసిబెల్స్. అంటే మారలేదు. దాని పక్క గడిలో ఆ వారం అది నన్ను ఎంత బాధపెట్టిందో పదికి మార్కు వేసుకునేవాణ్ణి. మొదటి వారం 8. పన్నెండో వారం 3. రాత్రి మెలకువలు వారానికి ఆరు నుంచి ఒకటికి వచ్చాయి. ఈ రెండు గళ్లూ పక్కపక్కన చూపిస్తే ఈఎన్‌టీ డాక్టర్, "అలవాటు పడటం అంటే ఇదేనండీ" అన్నారు. మొదటి రోజే ఇలా విడమరిచి చెప్పి ఉంటే! హోరు బాధ తగ్గించడానికి సీబీటీ అనే మాటల చికిత్సకి మంచి ఆధారాలున్నాయని అప్పుడు చెప్పారు, అవసరమైతే పంపుతానన్నారు. ఇప్పటికి అక్కర్లేదనిపించింది.

మళ్లీ చేసిన టింపనోమెట్రీలో కుడి చెవి మైనస్ 45, అంటే మామూలు స్థాయికి వచ్చింది. ఆడియోగ్రామ్‌లో ఆ గుంట చెక్కు చెదరలేదు. హెడ్‌ఫోన్లు రోజుకి రెండు గంటలకి తగ్గించి మిగతా పని స్పీకర్ల మీద, చిన్న సౌండుతో చేస్తున్నాను. పొద్దున్నే ముక్కులో రెండేసి చుక్కల అణుతైలం, జలుబు ఉంటే అదీ మానేస్తాను. చెవిలో నూనె మాత్రం మళ్లీ పోసుకోలేదు. సగం మిగిలిన బిల్వ తైలం సీసా అలమరలో ఉంది.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. "చెవి ఎలా ఉంది నాన్నా?"

"దిబ్బడ పోయింది పెద్దమ్మా. హోరు ఉంది కానీ నిద్ర పడుతోంది."

"చూశావా మరి," అంది, "ఆ రోజు వెల్లుల్లి నూనె వేసుకోబట్టి ఈపాటి నయమైంది."